గోడలు లేని బడికి తాళం

బిడ్డలారా, మీరు కొన్న ఫ్లాటు నిన్న పోయి చూశొచ్చిన. మీరేమో అంత దూరాన ఉన్నరు, బిల్డరేమో నెలనెలా ఫోటోలు పంపుతున్నడు. "అమ్మమ్మా, నువ్వు కొండాపూర్లనే ఉంటవు కద, జర నీ కండ్లతోటి చూశి చెప్పు" అంటిరి. చూశిన. మీ తలుపు బిగించిండ్రు. మంచి తలుపు. తలుపుకు ఎడమ దిక్కు గోడ మాత్రం లేదు. నేను ఆడ నిలబడి నవ్వుతుంటె వాచ్‌మన్ ఉరికొచ్చి కుర్చీ ఏసిండు, ముసలామెకు ఏమో అయిందనుకోని.

ఫికర్ చేయకుండ్రి. తలుపు ముందు, గోడ తర్వాత అనేది ఈ జాగకు కొత్త కాదు. నేను చదువుకున్న బడి గట్లనే లేశింది.

కొత్తగూడల ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నది కద, దానికి జర ఇవుతల మా ఊరు. అప్పుడు ఆడ అన్ని బండలే. ఇల్లంత బండలు ఒకదాని మీద ఒకటి కూసోని ముచ్చట పెడ్తున్నట్టు ఉండేటివి. నవాబు రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులు. పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చి, మీకు పంతులునిస్తం, పైన ఏసే రేకులిస్తం, గోడలు మాత్రం ఊరోళ్లే కట్టుకోవాలె అన్నడు. ఊరంత ఒప్పుకున్నది. ఒప్పుకునుడుల మావోళ్లను మించినోళ్లు లేరు.

ఊరి లెక్కలు రాసే పట్వారి చాప మీద కూసోని బాండు రాసిండు. పైసలు ఎవరింట్ల లేవు కాబట్టి, ఎవరి ఇంట్ల నుంచి ఏమొస్తదో గదే బాండు. ఒకాయన బండెడు రాళ్లు అన్నడు. ఇంకొకాయన మట్టి తొక్కుడు నా పని అన్నడు. ఆఫీసరు చూస్తున్నడు కద, ఒక్కొక్కరి నోరు ఒక్కొక్క గజం పెరిగింది. అందరు వేలిముద్ర ఏసిండ్రు.

మా నాయినమ్మకు తోటికోడలు ఒకామె ఉండె. మాకు చిన్ననాయినమ్మ అయితది. ఎదురిల్లే. ఇద్దరికి ఒక్క నిమిషం పడది. ఆ చిన్ననాయినమ్మ ముంగటికొచ్చి, "బడికి దర్వాజ నేనిస్త, టేకు కట్టెది" అన్నది. ఊరంత వాహ్వా అన్నది. మా నాయినమ్మ ఊకుంటదా? నోట్ల చుట్ట తీశి, "దర్వాజ ఎవలన్న ఇస్తరు. ఆ దర్వాజ మీద అడ్డంగ పడే బండ ఎవలిస్తరు? మా ఇంటి ముంగటి పొడుగు బండ రాసుకో పట్వారీ" అన్నది. బొటనేలు ముద్ర ఏసి, ఆ సిరా తోటికోడలుకు కనపడేటట్టు ఏలు పైకి పట్టుకోని ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చి ఆ బండ మీదనే కూసున్నది. కూసున్నంక సమజైంది, ఏం రాసిచ్చిందో.

అది ఉత్త బండ కాదు బిడ్డా. పొద్దు గూకంగనే మా నాయినమ్మ దాని మీద కూసోని చుట్ట ముట్టిస్తది. ఆ తొవ్వల పోయేటోడు ఎవడైన సరే, ఏడికి పోతున్నడో ఆమెకు చెప్పి పోవాలె. "ఏడికి?" అంటది. అంతే. పట్వారి కూడ నిలబడి చెప్పేటోడు. ఆ బండ లేకపోతె ఆమె మామూలు ముసల్ది.

సరే, మాట మీద నిలబడ్డది చిన్ననాయినమ్మ ఒక్కతే. దర్వాజ తయారైంది. మేస్త్రి అన్నడు, "గోడలు జర లేవనీయుండ్రి, అప్పుడు పెడ్దం." అయ్యగారు అన్నడు, "ఇంత మంచి ముహూర్తం మళ్ల దొరకది." ముహూర్తం గెలిచింది. డప్పు కొట్టిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు, కడపకు పసుపు రాసిండ్రు, మామిడాకులు కట్టిండ్రు. అటు రెండు ఇటు రెండు కట్టెలు ఆనిచ్చి దర్వాజను నిలబెట్టిండ్రు. బీడు నడిమిట్ల ఒక్క దర్వాజ. ముందు బీడు, ఎనక బీడు.

ఇగ పంతులు వచ్చిండు, పట్నం నుంచి సైకిలు మీద. సన్నగ ఉండేటోడు, మాట మాత్రం మస్తు గట్టిది. సర్కారు ఆయనకు ఒక కుర్చీ, ఒక తాళం ఇచ్చింది. సర్కారు తాళమిచ్చినంక ఎయ్యకుంట ఉంటె ఎట్ల? రోజు సాయంత్రం తలుపు మూశి, తాళమేశి, రెండుమాట్ల గుంజి చూశి, తాళంచెవి జంధ్యానికి కట్టుకోని పోయేటోడు.

పసుపు రాసిన దర్వాజ దర్వాజనే కద, మావోళ్లకు గది నడిశింది. పెద్దోళ్లు కూడ చెప్పులు బయట ఇడిశి కడప దాటి లోపటికొచ్చేటోళ్లు. పోరగాడు ఎవడన్న ఆలస్యమై పక్కకెల్లి ఉరికొస్తె పంతులు కుర్చీల నుంచి లేశేటోడు.

"గోడల నుంచి దూరొస్తవేందిరా, దొంగ లెక్క! పో. బయటికి పోయి దర్వాజల నుంచి రా!"

వాడు సుట్టు తిరిగిపోయి దర్వాజల నుంచి వచ్చేటోడు. ఒక మ్యాక మాత్రం రోజు దర్వాజల నుంచే వచ్చేది. "దాన్ని చూశి నేర్చుకోండ్రిరా" అనేటోడు.

ఒకరోజు తాళంచెవి ఇంటికాడ మర్శిపోయి వచ్చిండు. పిల్లలంత దర్వాజ బయట ఎండల కూసున్నరు, పంతులు కూడ సైకిలుకు ఒరిగి నిలబడ్డడు. పక్కనున్న పెద్ద బండ నీడ సక్కగ బడి లోపట పడ్డది. మా మామ ఒకాయన నాగలి భుజానేసుకోని పోతున్నడు.

"పంతులూ, లోపట సల్లగున్నది కద, పోయి కూసోరాదు?"

"తాళమేశి ఉన్నది కద!"

మామ జర సేపు ఆలోచన చేసిండు. "అవు గద" అని పోయిండు.

మరి నేను ఆడ ఏం చేస్తున్ననంటరా? పిడకలకు పేడ ఏరుతున్న. ఊరు పేడంత బడికాడనే ఉన్నట్టు, గంప నిండినా ఆడనే తిరిగేదాన్ని. గోడలు లేవు కాబట్టి ఒక్క మాట పోకుండ అంత ఇనపడేది. ఎక్కాలు నాకు గట్లనే వచ్చినయి. కాని ఇనుడు ఏరు, పలక పట్టుడు ఏరు. ఆ పలక చూస్తె నా చేతులు ఊకునేటివి కావు.

ఇంట్ల అడిగిన. నాయిన మా నాయినమ్మ దిక్కు చూసిండు. మా ఇంట్ల సర్కారు ఆమెనే.

"గోడ లేని బడిల ఆడపిల్లను కూసోబెడ్తర? తొవ్వల పోయేటోడల్ల చూస్తడు" అన్నది. "గోడలు లేవనీయ్, పంపుత."

"నిజంగ పంపుతవా?"

"చెప్పిన కద! మిరుగం కార్తె దాక చూస్త. తొలకరి పడేలోపట గోడలు లేస్తె బడికి పో. లేవకపోతె రాయదుర్గం పోయి మీ అక్క పిల్లను ఎత్తుకో."

ఆమె ఎంత నిమ్మళంగ చెప్పిందో! ఊరును చూసిన మనిషి కద. ఆ గోడలు తను సచ్చినా లేవవని ఆమెకు తెలుసు. నాకు కూడ ఒకటి తెలుసు. రాయదుర్గం పోయిన పిల్ల మళ్ల పలక పట్టది. ఒక పిల్ల సంక దిగంగనే ఇంకో పిల్ల ఎక్కుతది. మా అక్కకు ఆ విషయంల ఆలస్యం తెల్వదు.

ఇగ నేను మొదలుపెట్టిన. మీరంతా అంటరు కద, అమ్మమ్మ ఎంత మెల్లగ మాట్లాడ్తది అని. గది అప్పుడు నేర్చుకున్నదే. గట్టిగ అడిగితె కొడ్తరు బిడ్డా. మెల్లగ అడిగితె పరేషాన్ అయితరు. బాండుల ముద్ర ఏసిన ఒక్కొక్కరింటికి పోయేదాన్ని, వాళ్లు అన్నం తినేయాల్లకు ముంగట కూసునేదాన్ని.

"మామా, మీ రాళ్లు ఎప్పుడొస్తయి?"

నాగలి మామనే, గింత ముద్ద నోట్ల పెట్టుకోని, "ఏం రాళ్లే?" అన్నడు.

"బాండుల వేలిముద్ర ఏసినవు కద."

"వేలు నాదే. ముద్ర పట్వారిది. పో."

నేను పోలె. కొట్లాడలె. గట్లనే కూసున్న. ఆయన ముద్ద మింగుతడు, నా దిక్కు చూస్తడు. మళ్లొక ముద్ద. తెల్లారి మళ్ల పోయిన. ఆ తెల్లారి మళ్ల. ఆఖరికి మామ పళ్లెం పక్కకు పెట్టి, "ఓ పిల్లా, నీకు దండం పెడ్త. నా ఇంట్ల నాకు అన్నం దిగుతలేదు. రేపు బండి కడ్త, పో!" అన్నడు. కట్టిండు. ఆయన కట్టంగనే పక్కింటాయనకు రోషమొచ్చింది. వాళ్ల రాయి కింద ఉండి తన రాయి పైన ఉండాలె అని ఒకడు, తన రాయి తొవ్వకు కనపడాలె అని ఒకడు. మేస్త్రి తల పట్టుకున్నడు, కాని గోడలు లేస్తున్నయి.

లేస్తుంటె నాకు సంబురం, ఏడుపు రెండొచ్చినయి. ముందు మోకాళ్ల దాక వచ్చినయి. తర్వాత గదుమ దాక వచ్చినయి, మునికాళ్ల మీద నిలబడి చూశిన. తర్వాత గంప బోర్లేసి దాని మీద నిలబడ్డ. ఒకరోజు గంప మీద నిలబడ్డా రాయి తప్ప ఏం కనపడలే. పంతులు మాట కూడ బుయ్యిమని లోపటనే తిరుగుతున్నది. గోడ లేశిన కొద్ది నా చదువు తగ్గుకుంట వచ్చింది. ఇప్పుడు లోపటికి పోతెనే చదువు, లేకపోతె అది కూడ లేదు.

గప్పుడు పని ఆగింది. దర్వాజ మీద అడ్డం బండ పడాలె, అది పడితె గాని పై వరుసలు లేవవు. అది మా నాయినమ్మ బండ.

ఊరినిండ బండలే కద, ఇంకొకటి కొట్టుకొస్తె అయిపోతుండె. కాని ఒకరు రాసిచ్చింది ఇంకొకరు ఎందుకు తేవాలె? మా ఊర్ల ప్రాణమన్న ఇస్తరు గని పక్కింటోడి బాకీ రాయి ఇయ్యరు. పట్వారి వచ్చి మెల్లగ కదిలిచ్చిండు. మా నాయినమ్మ బండ మీద ఇంకింత ఎడల్పుగ కూసున్నది.

"నేను సచ్చినంక తీస్కపో."

"బాండు ఉన్నది కదమ్మా."

"నేను కూడ ఉన్న కద!" అని, "ఏడికి పోతున్నవు?" అన్నది. పట్వారి ఇంటికి పోతున్నట్టు చెప్పి పోయిండు.

మబ్బులు పట్టుడు మొదలైంది. రాయదుర్గం నుంచి బావ వచ్చి, పిల్లను ఎప్పుడు పంపుతరని అడిగి పోయిండు. అమ్మ నా బట్టలు ఉతికి మడతపెట్టింది. ఆ సాయంత్రం నాయినమ్మ కాళ్లు పిసుకుకుంట ఆ బండ పక్కన కూసున్న. ఎదురుంగ చిన్ననాయినమ్మ బియ్యం చెరుగుతున్నది.

"నాయినమ్మా."

"ఏందే?"

"ఎప్పుడు సస్తవు?"

చుట్ట నోటికాడనే ఆగింది. "ఏమన్నవే?"

"మిరుగం లోపటనా, అయినంకనా? లోపటైతె బడికి పోత. అయినంకైతె రాయదుర్గం పోత. అమ్మ మూట కట్టాల్నో వద్దో చెప్పాలె కద."

ఇంట్ల అమ్మ చేతుల గిన్నె కింద పడ్డది. నాయిన ఎద్దుల కొట్టంలకు పోయి మళ్ల బయటికి రాలె. చిన్ననాయినమ్మ చాట కింద పెట్టి మొకం కొంగుల దాచుకున్నది, కాని నోరు దాగలే.

"చెప్పవే అక్కా! పిల్ల అంత మర్యాదగ అడుగుతుంటె!"

మా నాయినమ్మ నవ్విందో దగ్గిందో నాకు ఇప్పటికి తెల్వదు. పొగ ముక్కుల నుంచి, నోట్ల నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చింది. కండ్లల్ల నీళ్లు తుడుసుకోని నా దిక్కు చానసేపు చూసింది. కాలు గుంజుకున్నది. ఆ రోజు తొవ్వల పోయినోళ్లను కూడ ఏడికని అడగలే.

నాకు తన్నులు తప్పవనుకున్న. తెల్లారి ఆమె కేకకు లేశిన.

"డప్పును పిలువుండ్రి! ఎదురింటామె కట్టె దర్వాజకు డప్పు కొట్టినోళ్లకు నా బండకు కొట్టనీకి చేతులు పడిపోయినయా?"

డప్పొచ్చింది. బండకు పసుపు రాసిండ్రు. మోకులు కట్టి మొగోళ్లు ఎత్తిండ్రు. ముంగట మా నాయినమ్మ, చేతుల చుట్ట, ఆ మొగోళ్లు కాదు తనే బండను మోస్తున్నట్టు నడిశింది. తొవ్వంత చిన్ననాయినమ్మ ఇంటి దిక్కు చూడకుండ చూసింది. మేస్త్రి ఆ బండను దర్వాజ మీద కూసోబెట్టిండు. పై వరుసలు గబగబ లేశినయి. ఆమె ఇంటి ముంగట మాత్రం ఒక పొడుగు గుంత మిగిలింది, కోళ్లు వచ్చి దాంట్ల పండుకునేటివి.

సర్కారు రేకులు రాలె. గోడలు లేశినయి, మీద మొగులు. నేను పలక పట్టుకోని దర్వాజల నుంచి, మ్యాక ఎనక, లోపటికి పోయిన. ఊర్ల బడి తొక్కిన తొలి ఆడపిల్లను నేనే.

కూసోని ఎంతోసేపు కాలే, మిరుగం దిగింది. అట్లాంటిట్లాంటి వాన కాదు. గోడలు లేనప్పుడైతె నీళ్లు ఏ దిక్కంటె ఆ దిక్కు పోయేటివి. ఇప్పుడు మంచిగ కట్టిన గోడలు కద, ఒక్క సుక్క బయటికి పోతలేదు. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకున్నరు. పంతులు కుర్చీ మీద కాళ్లు ఎత్తుకోని కూసున్నడు. గప్పుడే దర్వాజల గొంగడి కప్పుకోని మా నాయినమ్మ.

నన్ను తీస్కపోనీకి వచ్చిందని నా పానం పోయింది. ఆమె మొగులు చూసింది, నీళ్లు చూసింది, నన్ను చూసింది.

"ఇదేం బడే? పైన ఏం లేదు."

"నాయినమ్మా" అన్న, మెల్లగనే. "గోడలే అన్నవు. కప్పు అనలె."

బడి మొత్తంల తడవని జాగ ఒక్కటే ఉన్నది, దర్వాజ కింద, ఆమె బండ అడుగున. కడప మీద కూసుంటె దరిద్రమని ఊరంతను తిట్టిన మనిషి, ఆ కడప మీదనే కూలవడ్డది. గొంగడిల నుంచి చుట్ట తీశి ముట్టించింది.

"ఏం చూస్తున్నవు పంతులూ? కానీయ్."

నేను పలక మీద అ రాసిన. వాన తుడిశింది. మళ్ల రాసిన.

పంతులు గొడుగు తెచ్చుకోనీకి లేశి, దర్వాజ దాక వచ్చిండు.

"ఏడికి?" అన్నది మా నాయినమ్మ.

పోయి కూసున్నడు.