మార్కరు మూత

మార్కరు పెన్ను మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన నాకు ఎప్పుడూ శారదక్కనే గుర్తుచేస్తుంది. మొన్న ముదగల్‌లో, కొత్తగా చేరిన ఒక అమ్మాయి మహిళా సంఘం సమావేశం నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. ప్రశ్న అడిగిందో లేదో, చార్టు దగ్గరికి వెళ్ళి మార్కరు మూత తీసింది. ఆ వాసనకు నవ్వొచ్చింది.

శారదక్క మహిళా సంఘాలతో పనిచేసే మా సంస్థలో ఒకప్పుడు నా పై అధికారి. రాయచూరు పాత కుటుంబంలో పుట్టిన మనిషి. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలో మందలించి, కన్నడంలో ముగించేది. సమావేశాల విషయంలో మహా మొండిది. ప్రశ్న అడిగాక మనం నోరు మూసుకోవాలి. మొదట మాట్లాడినవాళ్ళను మెచ్చుకోకూడదు, మెచ్చుకుంటే మిగతావాళ్ళంతా అదే పాట అందుకుంటారు. అందరి మాటా వినేదాకా మార్కరు మూత తీయకూడదు. ఈ చివరిది నాకు ఒట్టి చాదస్తంగా తోచేది.

ఆ చాదస్తం ఎందుకో యాపలదిన్నిలో తెలిసింది. ఊళ్ళో కుళాయి నీళ్ళు ఏ వేళకు వదలాలో ఆ రోజు ఆడవాళ్ళే తేల్చి పంచాయతీకి చెప్పాలి. అప్పటిదాకా బాగా పొద్దెక్కాక వదిలేవారు. నేను అడగగానే హనుమక్క అనే పెద్దావిడ, "ఇప్పుడు ఇడిసే యాళనే మంచిగుంది" అంది. తలలన్నీ ఊగాయి. ఆమె వెనక కూర్చున్న కోడలు లక్ష్మి తల కూడా ఊగింది. నేను మార్కరు అందుకుని మూత తీశాను.

"మూత పెట్టు. సుమ్నె, ఊరికె కూసో" అని కసిరింది శారదక్క. తర్వాత హనుమక్క వైపు తిరిగి, "అక్కా, మిరపకాయల తొడిమెలు తీసేదుంది అంటివి గదా? తెప్పియ్యి, మాట్లాడుకుంట తీద్దాం" అంది.

గోనెపట్ట మీద ఎండుమిరపకాయలు కుప్పపోశారు. అందరూ చుట్టూ చేరారు. అత్త ఎదుట కోడలు కూర్చుని వాదించడం ఆ ఊళ్ళో లేదు. పని చేసుకుంటూ పక్కామెతో చెప్పుకుంటే మాత్రం ఎవరూ తప్పుపట్టరు. అది శారదక్కకు తెలుసు.

తుమ్ముల మధ్య లక్ష్మి, తలెత్తకుండానే, పక్కామెతో అంది: "నీళ్ళకు కాసుక్కూసుంటే కూలికి పోయే ఆటో ఎల్లిపోతది. ఇంకొక్కపారి రాకుంటే పన్లకు పిలవనే పిలవనన్నడు మేస్త్రి."

నాకు సంతోషం పట్టలేదు. "గట్టిగా చెప్పు లక్ష్మీ, అందరికీ వినపడాలి" అనబోయాను. శారదక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అంది: "మీటింగు అయినంక ఆమె అత్తతోని ఇంటికి పోవాలె. నువ్వు బస్సెక్కి పోతవు."

హనుమక్క చేతులు ఆగాయి. "నాకెందుకు చెప్పకపోతివే?"

"నువ్వు అడగలే గదత్తా."

హనుమక్క ఇంకో గుప్పెడు కాయలకు తొడిమెలు తీసింది. ఆ తర్వాత నా వైపు చూసి, "తెల్లారంగనే ఇడవమని రాసుకోమ్మా" అంది, అది మొదటినుంచీ తన మాటే అయినట్టు. శారదక్క చుట్టూ ఉన్న ఒక్కొక్కరినీ అడిగి, నాకు కళ్ళతోనే సరేనంది. అప్పుడు మూత తీశాను.

శారదక్క పోయి చాలా కాలమైంది. ఇలాంటి రోజుల్లో ఆమె లేదన్న బాధ ఎక్కువవుతుంది.

ముదగల్‌లో ఆ అమ్మాయి, వెనక వరుసలో మౌనంగా ఉన్న ఒకామెను పేరు పెట్టి లేపబోయింది. నేను మెల్లగా మార్కరు తీసుకుని మూత పెట్టాను.

"ఆమె ఇంటికి ఎవరితో పోవాలో ముందు చూడమ్మా" అన్నాను.