చెల్లె గదిలో గాజుతొట్టి

మా ఇంట్లో దేవుళ్లకు కొదవ లేదు, కిటికీలకే కొదవ. అమీర్‌పేటలో మేమున్న పెంకుటింట్లో ముందుగదికి ఒక్కదానికే సరైన వెలుతురు. అక్కడ నాయన కుట్టుమిషను. వెనక చీకటిగదిలో మా చెల్లె. యుద్ధం నడుస్తున్న రోజుల్లో మశూచి వచ్చి, ఆమె ప్రాణాన్ని వదిలేసి కళ్లను పట్టుకుంది. ఒక కంట్లో పువ్వు పడింది. రెండో కన్ను చూస్తుంది గాని, వెలుతురు తగిలితే భగ్గుమని మండి నీళ్లు కారేవి. కిటికీకి గోనెపట్టా కట్టించుకుని, గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నానికి పిలిచినా వచ్చేది కాదు.

కంటి డాక్టరు రోజూ కొంచెం కొంచెంగా వెలుతురు అలవాటు చేయమన్నాడు. లేకపోతే కన్ను ఉండి కూడా ఆ పిల్ల గది దాటదన్నాడు. అమ్మను మేం అవ్వా అని పిలిచేవాళ్లం. అవ్వ ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

"ఎల్లమ్మతల్లి కోపమొచ్చి ఇచ్చిన బాధ ఆ తల్లే తీస్తది. డాక్టరేం తీస్తడు?" అంది. నేను పట్టా ఎత్తబోతే చెల్లె ఏడ్చేది. చెల్లె ఏడిస్తే అవ్వ నా మీద పడేది. డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు గూట్లో ఎండిపోయింది.

అప్పుడు నేను పంజగుట్ట అవతల, ఎర్రమంజిల్ వైపు ఒక పెద్ద అధికారి బంగళాలో గుమాస్తాను. ఆయన వరండాలో చేపలకొక గాజుతొట్టి, దాన్నిండా నీటిమొక్కలు ఉండేవి. ఒక పలక పగిలిందని దాన్ని గుర్రాల కొట్టంలో పడేస్తే, అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. చెల్లె గోడ తప్ప ఇంకేదైనా చూడాలన్నదే నా ఆశ. నాదేదో గొప్ప మనసని కాదు, ఆమె అలా గోడతో మాట్లాడుతుంటే నాకు పిచ్చెక్కేది.

పలక మార్పించి, అంచులకు లప్పం పెట్టించాను. లప్పంలోని నూనె నీళ్లలోకి దిగుతుంది కాబట్టి తొట్టిని చాలాసార్లు నింపి పారబోశాను. అడుగున చెరువుమన్ను పలచగా పరిచి, పైన ఇసుక పోశాను. ఆ ఇసుకను బియ్యం కడిగినట్టు కడగాలి, లేకపోతే నీళ్లు తేటపడవు. మొక్కలు బల్కంపేట పక్కనున్న కుంటలోంచి తెచ్చాను. ఎండ కోరేవి కాదు, చెట్లనీడన నీళ్ల అడుగున నాడాల్లా సాగే గడ్డి. దానికి తక్కువ వెలుతురు చాలు. వెలుతురు ఎక్కువైతే పాకుడు పట్టి నీళ్లే చెడతాయి. నీళ్లు పోయగానే చేపల్ని వదలకూడదు, మొక్కలు వేరు పట్టేదాకా ఓపిక పట్టాలి. మొదట పాత ఆకులన్నీ కుళ్లాయి. ఇంట్లోకి పీనుగ కంపు తెచ్చిపెట్టానని అవ్వ ముక్కు మూసుకుంది. తర్వాత మొదళ్ల దగ్గర కొత్త ఆకు లేచింది. అప్పుడు కొన్ని పరక చేపపిల్లల్ని వదిలాను.

వెలుతురు తక్కువైనా చాలు గాని, బొత్తిగా లేకుంటే ఏ మొక్కా బతకదు. ఆ సంగతి చెల్లెకు చెప్పాను. నాకు తెలిసిన వైద్యం అంతే. తన కోసమైతే ఒప్పుకునేది కాదేమో, మొక్కల కోసం పట్టా బెత్తెడు ఎత్తనిచ్చింది. కొన్నాళ్లకు తనే ఎత్తడం మొదలుపెట్టింది. తొట్టికి ముక్కు ఆనించి, కన్ను తుడుచుకుంటూనే చూసేది.

"అన్నా, గీ చిన్నది మస్తు లడాయి పెడుతున్నది," అని ఒకరోజు నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో!

వానలు పడేసరికి పట్టా సగందాకా లేచింది. ఒక ఉదయం గడప దాటి వచ్చి నాయన మిషను పక్కన కూర్చుంది. నాయన తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ ఏడ్చాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. బల్కంపేటలో ఎల్లమ్మ నేలమట్టానికి కింద, బావిలో, నీళ్ల మధ్య ఉంటుంది. అవ్వ బోనమెత్తుకుని బయలుదేరింది. చెల్లె తనూ వస్తానంది. పట్టపగటి వెలుతురులో, ఆ జనంలో వద్దన్నాం. అమ్మవారిని చల్లబరచడానికి పసుపు, వేపాకు కలిపిన నీళ్లు పోస్తారు, దాన్ని సాక అంటారు. గుడికి తీసుకెళ్లింది పోగా మిగిలిన సాక ఒక చెంబులో ఇంట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం నేను బంగళా నుంచి వచ్చేసరికి తొట్టిలో నీళ్లు పసుప్పచ్చగా, చిక్కగా ఉన్నాయి. పైన వేపాకులు, వాటి మధ్య వెల్లకిలా తేలిన చేపలు. అప్పుడే గుడి నుంచి వచ్చిన అవ్వ మీద విరుచుకుపడ్డాను.

"నేనేం ముట్టలే కొడుకా," అంది అవ్వ.

"అవ్వనెందుకంటవన్నా? నేనే పోసిన," అంది చెల్లె. "నన్ను గుడికి రానియ్యకపోతిరి. అమ్మ నీళ్లల్లనే ఉంటదట గద. నా నీళ్లల్లకు సుత వస్తదని పోసిన. చాపలకు సుత సల్లగుంటదనుకున్న."

ఆ మడ్డినీళ్లలో ఆమెకేమీ కనబడలేదు. చెయ్యి పెట్టి తడిమింది. ఒక పరకచేప అరచేతిలోకి వచ్చింది. కదులుతుందేమోనని దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

"నా చేతి సాక అమ్మకు నచ్చలే," అంది చివరికి. "నా మీద కోపం ఇంక పోలే."

పసుపూ వేపా పడితే ఎవరి తొట్టిలో చేపలైనా చస్తాయనీ, ఇందులో ఏ అమ్మ కోపమూ లేదనీ అరిచాను. ఆమె నా మాట వినలేదు. అవ్వ వైపు తిరిగింది. మా ఇంట్లో అమ్మవారి మనసు తెలిసింది అవ్వకే మరి. అవ్వ ఒక్కసారి కాదు బిడ్డా అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం నేనూ అవ్వ ముఖమే చూశాను.

అవ్వ పసుపంటిన చేత్తో చెల్లె తల నిమిరింది. ప్రేమగానే నిమిరింది. నా కడుపుమంట ఇప్పటికీ దానికే.

"ఔ బిడ్డా," అంది. "ఇంకొన్ని దినాలు లోపల్నే ఉండు."