సైరన్ వినిపించని చోట

ఇప్పటికీ ఏ టీ కొట్టు ముందో రాజేసిన పచ్చి బొగ్గు పొగ ముక్కుకు తగిలితే, గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టరు గడపలో కూర్చున్న అవ్వ, అంటే మా నాయినమ్మ, గుర్తుకొస్తుంది. చూపు పోయాక పల్లె వదిలి మా దగ్గరికొచ్చిన ఆమె, బతుకమ్మ నాడు తంగేడునూ గునుగునూ వేళ్లతోనే తెలుసుకుని పేర్చేది, చిటికెడు సత్తుపిండి నోట్లో వేసుకుని బెల్లం ఎంత తగ్గిందో చెప్పేది, మేం బాయి అని పిలిచే బొగ్గుగని సైరన్‌ను బట్టి పొద్దు ఎంతైందో చెప్పేది. నాయిన ఏ షిఫ్టుకు దిగినా, సైరన్ మోగి ఆయన బూట్ల చప్పుడు వినబడేదాకా ఒక్క మెతుకు ముట్టేది కాదు.

నా పదో ఏట అమ్మ చనిపోయింది. నేను బడికీ నాయిన డ్యూటీకీ పోతే ఇంట్లో అవ్వ ఒక్కతే. ఒకరోజు బొగ్గుల పొయ్యి దగ్గర ఆమె కొంగు అంటుకుంది. పక్కింటివాళ్లు చూశారు గనుక బతికింది. ఆ నెలలోనే నాయిన ఆమెను పెద్దపల్లి అవతల ముసలివాళ్ల ఆశ్రమంలో చేర్చాడు.

తర్వాతి ఆదివారం వెళ్తే, అవ్వ సరిగా తినడం లేదని అక్కడి ఆయా చెప్పింది. భోజనాల గంట కొట్టగానే అందరూ కంచాల ముందు కూర్చుంటే, ఈమె మాత్రం సైరన్ మోగిందా అని అడిగి, చల్లారిన అన్నం అలాగే వదిలేస్తుందట. అక్కడికి ఏ సైరనూ వినబడదు. నాయిన మొహం చూడలేక, అవ్వ చెవిలో ఒక అబద్ధం చెప్పాను.

"నాయిన పైకొచ్చినంక బాయి కాడికెల్లి ఈడికి ఫోన్ చేస్తరు. అప్పుడే గంట కొడ్తరవ్వా."

"గట్లనా," అంది, అంతే.

మళ్లీ వెళ్లేసరికి, గంట కొట్టగానే తింటోందని ఆయా సంబరంగా చెప్పింది. నాయిన ఎన్నాళ్లకో తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అవ్వ చేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. అప్పుడే గంట మోగింది. నాయిన ఇక్కడే ఉంటే ఇక ఫోన్ ఎక్కడిది? అవ్వ మాత్రం కంచం తడుముకుని తినసాగింది. మేం బయల్దేరేముందు నన్ను దగ్గరికి లాక్కుంది.

"నాకు ఆ దినమే ఎర్క బిడ్డా. నేను తినకుంటె మీ నాయిన బాయిల ఫికర్‌తోని పనిజేస్తడు. వానికి చెప్పకు."

చెప్పలేదు. అవ్వ ఆ వానాకాలమే పోయింది. ఇప్పుడు ఆ క్వార్టరు లేదు, బొగ్గుల పొయ్యి లేదు, నాయినా లేడు. గ్యాసు మీద నా ఒక్కదానికే ఇంత వండుకుంటాను. ఎదురుచూడాల్సిన మనిషి ఎవరూ లేరు, ఆకలైనప్పుడల్లా తినొచ్చు. అయినా వడ్డించుకున్నాక ఎందుకో కాసేపు ఆగుతాను, అన్నం చల్లారిపోతుంది.