ఖాళీ డబ్బా లేని ఇల్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. శుభ్రత తక్కువై కాదు, అందులో వెయ్యడానికి మా అమ్మ ఏమీ మిగలనిచ్చేది కాదు. కూరల తొక్కలు ఇంటివాళ్ళ గేదెకి, పొట్లాల కాగితాలు మడతపెట్టి అలమర అరల్లోకి, పొట్లం కట్టిన దారం (అవును, దారం కూడా) మేకుకి వేలాడే ఉండలోకి వెళ్ళిపోయేవి. ఇక డబ్బా అంటారా, ఇంట్లో అడుగుపెట్టిన రోజే దానికి ఉద్యోగం ఖాయం, రిటైర్మెంటు లేదు. డాల్డా డబ్బాలో కందిపప్పు, తమ్ముడి పాలపొడి డబ్బాలో ఎండుమిరపకాయలు, ఎవరో పెళ్ళికి ఇచ్చిన బిస్కెట్ల డబ్బాలో రేషను పంచదార. "ఖాళీ డబ్బా అని ఒకటుండదే, ఇంకా ఏమీ పొయ్యని డబ్బా ఉంటుంది, అంతే" అనేది అమ్మ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ మాట నన్ను ఒకసారి నిలువునా ముంచబోయింది.

నాన్నగారి సర్కారు ఉద్యోగం కోసం కాకినాడ వైపునుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో ఒక అవ్వ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఈనాటి అద్దాల మేడలు చూసినవాళ్ళు నమ్మరు గానీ, అప్పుడు మదీనాగూడ దాకా నడిస్తే బండరాళ్ళు, సీతాఫలం చెట్లు తప్ప పలకరించే మనిషి దొరికేవాడు కాదు. రైలు స్టేషను మాత్రం మా పక్కనే. రోజూ పొద్దున్నే పట్నం పోయే ప్యాసింజరు కూత వినడం, అందులో కూర్చున్నవాళ్ళకి ఊరికే చెయ్యి ఊపడం నా దినచర్య. నేను మాత్రం ఎక్కింది లేదు. అడిగినప్పుడల్లా నాన్నగారు "వచ్చే నెల చూద్దాం" అనేవారు. ఆ వచ్చే నెల ఎప్పటికీ ఈ నెల అయ్యేది కాదు.

అందుకే మా కత్తెర టీచరు (చేతిపనులు నేర్పేది, చేతిలో కత్తెర లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు) బళ్ళో ప్రదర్శన పెడుతున్నామని చెప్పగానే నేను బల్ల మీంచి లేచి నిలబడిపోయాను. ఇంట్లో పారేసే డబ్బాలు, అట్టపెట్టెలతో ఏదైనా బొమ్మ చేసి తేవాలట. విద్యాశాఖ పెద్దాఫీసరుగారు వచ్చి బాగున్నదాన్ని ఎంచితే అది నాంపల్లి దగ్గర పెద్ద ప్రదర్శనకి వెళ్తుందట, చేసిన పిల్ల కూడా రైల్లో వెళ్తుందట. ఇంకేం కావాలి! నేను రైలుబండే చేద్దామని నిశ్చయించుకుని, ఒక్క గెంతులో ఇల్లు చేరి, "అమ్మా, పారేసే డబ్బాలు కావాలి" అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పారేసేదా? మనింట్లోనా?" అంది. నాన్నగారి రేడియో అట్టపెట్టె అడిగితే, రేడియో రిపేరుకొస్తే దేన్లో పెట్టి తీసుకెళ్ళాలన్నారు.

మొహం వేలాడేసుకుని అవ్వ దగ్గరికి వెళ్ళాను. "ఏం బిడ్డా, గిట్ల మూతి ముడుసుకొని కూసున్నవ్?" అని అడిగి, సంగతి విని పకపకా నవ్వింది. "డబ్బాలు నా తాన యాడియి? మాయన్నీ కుండలే. కుండ పగిలితే పెంకులున్నయ్, కావాల్నా?" అంది. మా ఇంట్లోకి వచ్చిన డబ్బా బయటికి పోదు, వాళ్ళింట్లోకి అసలు రాదు. పెంకులతో రైలు ఎలా చెయ్యాలో నాకు తోచలేదు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి అవ్వే లేచి వచ్చి, "ఏందమ్మా, పోరి ఏడుస్తున్నది, ఒక్క పూటకిస్తే నీ డబ్బాలేమన్న అరుగుతయా?" అని అమ్మని నిలదీసింది.

అమ్మ ఒప్పుకుంది, షరతుల మీద. డబ్బాలు ఇస్తుంది గానీ ఖాళీ చెయ్యదు, సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకి అన్నీ వాటి చోటుకి రావాలి, రంగులు పుయ్యకూడదు. మైదా జిగురుతో రంగు కాగితం అంటించుకోవచ్చు, తడిపితే వచ్చేస్తుంది కాబట్టి. అలా మిరపకాయల డబ్బాని పడుకోబెట్టి ఇంజను, దాని మీద నాన్నగారి పౌడరు డబ్బా పొగగొట్టం (అందులోనూ పౌడరుంది), వెనక పంచదార, కందిపప్పు, మినప్పప్పు వరసగా పెట్టెలు. చక్రాలకి స్టేషను దగ్గర ఏరుకొచ్చిన సోడా మూతలు. మొత్తం బండిలో నిజంగా పారేసినవి ఆ చక్రాలే, అవీ తిరగలేదు.

ప్రదర్శన రోజు అవ్వ మనవడి సైకిలు మీద బండిని బడికి చేర్చాం. కత్తెర టీచరు ఒక పెట్టె ఎత్తబోయి, ఎత్తలేక, మూత తీసి చూసింది. "ఇదేంటమ్మా, నిండా పప్పుంది! పారేసేవి తెమ్మంటే సంసారం తెచ్చావా?" అని విసుక్కుని నా బండిని చివరి బల్ల మీద, కిటికీ మూలకి తోసేసింది. ఆఫీసరుగారు ముందు బల్లల దగ్గర కాగితప్పూలు, అగ్గిపెట్టెల సోఫాలు మెచ్చుకుంటూ తిరుగుతున్నారు. నా పట్నం ప్రయాణం అయిపోయిందని అర్థమై, తిరగని చక్రాల్ని వేలితో తోస్తూ నిలబడ్డాను.

సరిగ్గా ఆయన నా బల్ల దాకా వచ్చేసరికి గుమ్మంలో అవ్వ, చేతిలో గ్లాసు. "బిడ్డా, శక్కర ఏ డబ్బాలున్నది? మీ నాయిన ఆఫీసోళ్ళు చాయ్‌కి దిగిండ్రు, మీ అమ్మ పరేషాన్ అయితున్నది!" అంది హాలంతా వినపడేలా. పిల్లలు గొల్లున నవ్వారు. నాకేం తోచిందో ఏమో, స్టేషను మాస్టరులా నిటారుగా నిలబడి, "ఇంజను వెనక మొదటి పెట్టె" అన్నాను. అవ్వ మూత తీసి, గ్లాసు నింపుకుని, ఆఫీసరుగారిని "జర జరుగు బిడ్డా" అని పక్కకి తప్పించి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "సరుకు దింపుతున్న గూడ్సు బండి నేనింకెక్కడా చూళ్ళేదండీ, ఇదే వెళ్ళాలి" అన్నారు టీచరుతో. టీచరు కత్తెర టకటకలాడించింది.

తీరా ఇంటికొచ్చి చెబితే, నాంపల్లి ప్రదర్శన వారం రోజులని విని అమ్మ కూలబడింది. "వారమా! పప్పులన్నీ నా నెత్తిన పోసుకోనా?" అంది. నేను అన్నం మానేసి పడుకున్నాను. అమ్మ బతిమాలలేదు కూడా.

పొద్దున్న లేచేసరికి వంటింట్లో గోడ వెంట అవ్వ కుండలు బారులు తీరి ఉన్నాయి. ఒకదాన్లో పప్పు, ఒకదాన్లో పంచదార, ఒకదాన్లో మిరపకాయలు. పెరట్లో బండ మీద మా డబ్బాలన్నీ కాగితం తడవకుండా లోపల మాత్రం కడిగి, బోర్లించి ఉన్నాయి. వాటిని అలా ఖాళీగా చూడడం నాకదే మొదటిసారి. అమ్మ కుండల వంక అనుమానంగా చూస్తూ, "ఇవి పగిలిపోవు కదా అవ్వగారూ?" అంటోంది. "నీ డబ్బాల కన్న ముందు పుట్టినయమ్మా, ఏం ఫికర్ చేయకు" అంది అవ్వ. నేను పరుగున వెళ్ళి అమ్మని వాటేసుకుంటే, "చాల్లే, సొట్ట పడిందా వీపు చీరేస్తాను" అంది.

డబ్బాల్ని ఒకరి చేతిలో పెట్టే నమ్మకం లేక అమ్మ తనే నాతో బయల్దేరింది. నాన్నగారే రేడియో అట్టపెట్టె తెచ్చి ఇచ్చారు. ప్యాసింజరులో నేను కిటికీకి అతుక్కుపోయి, కనపడిన ప్రతివాళ్ళకీ చెయ్యి ఊపాను. అమ్మ మాత్రం ఒళ్ళో పెట్టె మీంచి చూపు తిప్పలేదు. హుస్సేన్ సాగరు దగ్గర నీళ్ళు చూపించినప్పుడు మటుకు పెట్టె మీద చేతులు వదిలేసి, "అబ్బ, ఎంతుందే!" అంది. ప్రదర్శనలో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ "ఇది మీరు చేశారా?" అనడిగితే, అమ్మ కొంగు సర్దుకుని, "డబ్బాలు నావండి. బండి మా అమ్మాయిది" అంది. బహుమతి వేరెవరికో వచ్చింది. ఎవరికో కూడా నాకు గుర్తులేదు.

తడిపితే వచ్చేస్తుందన్న ఆ కాగితాన్ని, డబ్బాలు ఇంటికి తిరిగొచ్చాక కూడా, అమ్మ ఎప్పుడూ తడపలేదు. రంగు వెలిసిపోయినా, "ఇంజన్లో మిరపకాయలు అయిపోయాయండి" అని నాన్నగారికి చెబుతూనే ఉండేది.

ఇప్పుడు మళ్ళీ ఆ స్టేషను పక్కనే ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. రోజుకో అట్టపెట్టె గుమ్మంలోకి వస్తుంది (నేను దాస్తాను, మా అబ్బాయి పారేస్తాడు). మొన్న మనవరాలు వచ్చి, "నానమ్మా, స్కూల్లో బొమ్మ చెయ్యాలి, పనికిరాని డబ్బా ఒకటియ్యవా?" అంది. "పనికిరానిదా? మనింట్లోనా?" అనేశాను, అచ్చం మా అమ్మ గొంతుతో. పిల్ల మొహం ముడుచుకుంది. ఆ మూతి నాకు బాగా తెలుసు. లేచి, కందిపప్పు గిన్నెలోకి వంపి, డబ్బా కడగడం మొదలుపెట్టాను.