రోలుతో మాట్లాడిన అత్తగారు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. అరకు కొండల్లో మిషన్ బడి మాస్టర్ని నేను. నమ్మితే ఉద్యోగమే ఉండదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నవ్వేవాళ్ళు నవ్వండి.

పందొమ్మిది వందల ఇరవైల్లో మాట. మా ఆవిడ సుక్రికి తొలిచూలు, ఎనిమిదో నెల. కాళ్ళు వాచి ఇత్తడి కడియాలు బిగుసుకుపోయాయి. సంతకి వచ్చిన మిషన్ డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, రక్తపోటు కాస్త ఎక్కువగా ఉందంది. వాళ్ళమ్మకి గానీ, ఆ తరఫువాళ్ళకి గానీ కాన్పులో ఒళ్ళు పొంగి ఫిట్లు వచ్చాయా అని అడిగింది.

సుక్రి నోరు తెరిచేలోగా నేనే చెప్పేశాను. అన్నీ తెలిసినవాణ్ణి కదా! మా అత్తగారు కొండజ్వరంతో పోయారండీ అన్నాను. పెళ్ళిలో మామగారు చెప్పిన మాట అదే. వాపు పెరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది.

వాపు పెరిగింది. బడిలో పరీక్షలు కానిచ్చి బయల్దేరదామని నాలో నేనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మామగారు ఒక దిసారిని తెచ్చి కూర్చోబెట్టాడు. చనిపోయిన ఏ పెద్దల వల్ల జబ్బు వచ్చిందో పూనకంలో చెప్పే మనిషి దిసారి. ఈయనది ఎక్కడో సీలేరు వైపు. మిషన్ మాస్టరింట్లో పూనకమా! ఫాదరుకి తెలిస్తే నా పని గోవిందా. తరిమేద్దామని లోపలికి అడుగు పెట్టాను.

గుబురు మీసాల దిసారి నన్ను చూడగానే తలమీద తుండుగుడ్డ కప్పుకుని, సిగ్గుపడుతూ తలుపు వెనక్కి పరిగెత్తాడు. మా వైపు అత్తగారు అల్లుడికి ఎదురుపడదు, అతనితో మాట్లాడదు. నాకు నవ్వాగలేదు.

తలుపు వెనకనుంచి ఆడగొంతు వినిపించింది. నాతో కాదు, మూలనున్న రోలుతో.

"ఓలమ్మా రోలూ, ఆ మాస్టరికి సెప్పు. నాను జొరంతో పోనేదు. ఒళ్ళు పొంగి, కానుపులో కొట్టుకుని సచ్చిపోనాను. మా అప్ప బుద్రీ అలాగే పోనాది. మా సుక్రి గుంటకి కళ్ళు మసకలొత్తన్నాయి, అడగమను. బేగి డాక్టరమ్మ కాడికి మోసుకెల్లమను. పరీచ్చలంట, పరీచ్చలు!"

నా నవ్వు ఎటు పోయిందో తెలీదు. సుక్రి వైపు చూశాను.

"నిన్నటేల నుంచీ మసకే. నువ్వు బయపడతావని సెప్పనేదు," అంది.

మామగారు అప్పుడు నిజం ఒప్పుకున్నాడు. నిజం తెలిస్తే పిల్లని ఎవరూ చేసుకోరని జ్వరం కథ అల్లి, సుక్రిని కూడా నోరెత్తొద్దన్నాడట. నాకు భయం వేసింది, దయ్యానికి కాదు, సుక్రి నాకు దక్కదేమోనని. పరీక్షలు గంగలో కలిశాయి. అరగంటలో డోలీ కట్టించి కొండ దిగాం.

ఆసుపత్రిలో మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బతికారు. అసలు సంగతి ఎవరు చెప్పారని డాక్టరమ్మ అడిగితే, మా అత్తగారండీ అన్నాను.

"ఆవిడ జ్వరంతో పోయారన్నారు కదా?" అంది.

దిసారికి ఒక్క మాటా చెప్పలేదని మామగారు మనవరాలి తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. దిసారిని అడిగితే, కోడికూర తిన్నది తప్ప ఏదీ గుర్తులేదన్నాడు. తన తల్లి బతికుండగా పెద్దల్లుడికి ఏం చెప్పాలన్నా రోలుకే చెప్పేదని సుక్రి అంది. సరే, అదంతా ఎవరో చెప్పారనుకుందాం. నా మనసులోని పరీక్షల సంగతి ఎవరు చెప్పారు? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు ఆ పిల్లే కడుపుతో ఉంది. మొన్న డాక్టరు అడక్కముందే తల్లి సంగతి, అమ్మమ్మ సంగతి, ఆవిడ అక్క బుద్రీ సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా మూలన చతికిలబడ్డాను.

"రోలూ, ఈసారి ఏదీ దాచలేదని మా అత్తగారికి చెప్పు," అన్నాను.