నట్టలకు తట్టుకున్న గొర్రె

ఆ వానాకాలం కడుపులో నట్ట పురుగులు పడి మా గొర్రెలు వరసగా చచ్చిపోయాయి. ఎప్పుడూ పట్టించే నట్టల మందే పట్టించాను, అయినా పోయాయి. నా చెయ్యి మంచిది కాదంది మా అత్త. మిగిలిన ఒక్క గొర్రెనూ సంతలో అమ్మేద్దామని పాతపట్నం పోయే ఆటో ఎక్కాను.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారట. నా గోడంతా విని, గొర్రె కంటి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా లాగి చూశారు. లోపల ఎర్రగా ఉంది.

"మిగతావాటికి ఇక్కడ పాలిపోయిందా?"

"అవునమ్మా. సున్నంలాగ తెల్లగుండీది."

"నట్టలు నెత్తురు తాగేస్తే అలాగే అవుతుంది. దీని కడుపులోనూ ఉండే ఉంటాయి, కానీ ఇది తట్టుకుంది. దీని పిల్లల్లో కొన్నయినా తట్టుకుంటాయి."

"మందేసినా సావలేదేటమ్మా అవి?"

"ఆ మందుకు చావని నట్టలు మిగిలి, వాటి పిల్లలే పెరిగాయి. గొర్రె గట్టిపడేకొద్దీ నట్టా గట్టిపడుతుంది. తరతరాలుగా రెండింటికీ అదే పోరు. ఇందులో నీ తప్పేం లేదమ్మా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ నా భుజమ్మీద చెయ్యేసి కూర్చున్నారు. సంత దగ్గర దిగాను గానీ లోపలికి పోలేదు. గొర్రెతో తిరుగు ఆటో ఎక్కేశాను.

"మళ్ళీ తెచ్చినావేటే?" అంది అత్త.

"దీని పిల్లల్ని సూద్దాం అత్తా," అన్నాను.

మొదటి పిల్ల మరుసటి వానల్లో పోయింది. రెండోది నిలిచింది. ఇప్పుడు మా దొడ్లో ఉన్నవన్నీ దాని సంతానమే. వాటికి పేర్లు పెట్టింది మాత్రం మా అత్తే.