సెలూన్‌లో బంగారు చేప

బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ సామెత కట్టినవాడు ఈ సెలూన్‌కి ఒక్కసారి వచ్చి గడ్డం గీయించుకుని ఉంటే నోరు మూసుకునేవాడు. ఇక్కడ రెండు కుర్చీలు. గుమ్మం పక్కది బావది, లోపలిది బావమరిదిది. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. తప్పనిసరైతే కుర్చీలో కూర్చున్నవాడితో చెబుతారు. "ఆయన్ని ఆ చిన్న దువ్వెన ఇటివ్వమనండి సార్" అంటాడు బావ. "ఆయన సొరుగులోనే ఏడిసిందని చెప్పండి సార్" అంటాడు బావమరిది. మొహం నిండా నురుగుతో ఉన్న ఆ పెద్దమనిషి, మెడ తిప్పితే కత్తి దిగుతుందేమోనని బిక్కచచ్చి కూర్చుంటాడు.

బావ భార్య పోయిన రోజున బావమరిది పదిమందిలో ఒక మాట అన్నాడు. "ఒళ్ళు కాలిపోతోంది, ఆసుపత్రికి పోదాం రమ్మని మా అక్క పిలిస్తే, గిరాకీ ఉందని దుకాణానికి పోయాడీయన. ఆవేళ తీసుకెళ్ళుంటే బతికేది." అది అబద్ధమైతే బావ మర్నాడే మరిచిపోయేవాడు. సగం నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

ఆవిడ పెంచిన బంగారు చేప అద్దాల మధ్య బల్ల మీద గాజుతొట్టెలో ఉండేది. పిల్లాజెల్లా లేరు. ఆవిడ వదిలి వెళ్ళిన ప్రాణి అదొక్కటే. అది కూడా తన చేతిలోనే పోతే బావమరిది అన్న మాట పూర్తిగా నిజమైపోతుందని బావ భయం.

అలాంటి చేపకి జబ్బు చేసింది. రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటుంది, లేదంటే పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంది. బావ చేపలమ్మే దుకాణానికి పరిగెత్తాడు.

"నీళ్ళు పాడయ్యాయి" అన్నాడు చేపలాయన. "మేత తగ్గించు. రోజూ మూడో వంతు నీళ్ళు తీసేసి కొత్తవి పొయ్యి. కుళాయి నీళ్ళు తిన్నగా పొయ్యకు. అందులో కలిపే మందుకి మొప్పలు కాలిపోతాయి. బకెట్లో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజంతా ఉంచు. ఇంకెవరైనా చూస్తున్నారా దాన్ని?"

"ఎవరున్నారు? నేనొక్కణ్ణే" అన్నాడు బావ. బావమరిదిని లెక్కలోకి తీసుకోవడానికి మనసొప్పలేదు మరి.

కుళాయి పక్కన ఒక బకెట్ పెట్టాడు. పొద్దున్నే, బావమరిది రాకముందే తొట్టెలో నీళ్ళు మార్చి, మర్నాటికని బకెట్ మళ్ళీ నింపిపెట్టేవాడు. చేప తేరుకోలేదు సరికదా, రోజురోజుకీ వన్నె తగ్గిపోయింది.

"కొంతమంది చేతిలో ఏదీ బతకదు సార్" అన్నాడు బావమరిది, తన కుర్చీలోని గుమాస్తాతో.

"నరుడి కంటికి నల్లరాయే పగులుతుంది, చేపెంత సార్" అన్నాడు బావ, తన కుర్చీలోని డ్రైవర్‌తో.

ఒక మధ్యాహ్నం భోజనానికి బయల్దేరిన బావ కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. గిరాకీ ఎవరూ లేరు. బావమరిది ఆ బకెట్లో చెంబు ముంచి తొట్టె మీదికి ఎత్తి ఉన్నాడు. ఆ నీళ్ళు పొద్దున తను పట్టినవి. అంటే వీడు రోజూ తను లేనప్పుడు పోస్తున్నాడు, మళ్ళీ కుళాయి తిప్పి నింపుతున్నాడు. నిండుగా ఉన్న బకెట్‌ని చూసి, నిన్నటి నీళ్ళేననుకుని, ఒకరు పట్టినవి ఇంకొకరు చేప మీద గుమ్మరిస్తున్నారు.

"పొయ్యకు" అంటే చాలు. రెండు కుర్చీలూ ఖాళీ. ఎవరితో చెప్పాలి? మాట పెదవుల దాకా వచ్చింది, పదిమందిలో పడ్డ మాట గుర్తొచ్చి ఆగిపోయింది. బావ గిర్రున తిరిగి వీధిలోకి ఉరికాడు. మొండితనానికి మందు లేదంటే ఇదే. ఎదురుగా టీ అమ్మే ముసలాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఆ నీళ్ళు ఇవాళ పొద్దున పట్టినవి. పొయ్యొద్దని వాడికి చెప్పవయ్యా."

అప్పటికే చెంబు ఖాళీ అయింది. "నిన్న నేను పట్టినవే అనుకున్నానని చెప్పు" అన్నాడు బావమరిది. "చేపలాయన్ని నేనూ అడిగాను."

"మీ ఇద్దరి మధ్యా నన్నెందుకయ్యా చంపుతారు" అని ముసలాయన చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు.

చేప పక్కకి ఒరిగింది. బావ మోచేతి దాకా చెయ్యి ముంచి దాన్ని నిలబెట్టాడు. వదిలితే మళ్ళీ ఒరిగింది. కాసేపటికి మొప్పలు ఆడటం ఆగిపోయింది.

"చంపావు కదరా" అన్నాడు బావ. ఏడాదిలో వాడితో అన్న మొదటి మాట అదే.

"నువ్వు గుమ్మంలోకి రావడం చూశాను బావా. నీ మొహం చూసి, ఏదో చెబుతావని చెంబు ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఆగాను. నువ్వు వెనక్కి తిరిగి పోయావు." బావమరిది ఖాళీ చెంబు కింద పెట్టాడు. "అక్క పిలిచినప్పుడూ ఇలాగే పోయుంటావు."

బావ చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆ చేత్తోనే చేపని మళ్ళీ నిలబెట్టబోయాడు.